మూడు కేకల తర్వాత

మా ఇంట్లో గోడ గడియారం ఉండేది గాని, దాన్ని చూసి ఎవరూ నిద్ర లేచిన గుర్తు నాకు లేదు. లేపే పని కేకలది. చేపలమ్మే ఆడవాళ్లు తెల్లవారుజామున వీధి పొడుగునా నడుచుకుంటూ, తమలో ఒక్కొక్కరి గుమ్మం ముందు ఆగి కేక వేసేవారు. “ఓలప్పా, లెగిసినావా?” లోపల్నుంచి “ఉఁ, వస్తన్నా” అని పలికితే పక్క ఇంటికి. పలకకపోతే రెండో కేక. అప్పటికీ పలకకపోతే మూడోది. అందరూ పోగయ్యాక ఒడ్డున చేపలు తీసుకుని, ఒకే ఆటోలో శ్రీకాకుళం వెళ్లేవారు. అక్కడ ఎవరి వీధులు వాళ్లవి.

నేను ముందు గదిలో, కిటికీ కింద, చాప మీద పడుకునేదాన్ని. మెలకువకీ నిద్రకీ మధ్య కాసేపు ఎటూ కాకుండా ఉంటాం కదా, నా చిన్నతనమంతా అక్కడే గడిచిందని ఇప్పటికీ అనిపిస్తుంది. సముద్రం హోరు గోడలోపలి నుంచి వస్తున్నట్టుండేది. దుప్పటి ఉప్పు తేమతో బరువుగా ఉండేది. అలా పడుకుని నేను కేకలు లెక్కపెట్టేదాన్ని. మా అమ్మకు వేసే కేకలు. ఒకటి, రెండు, మూడు. ఆ తర్వాత అడుగులు. ఇసకలో అడుగులు కాబట్టి చప్పుడు అనడానికి కూడా లేదు, చిన్న గరగర. అది పల్చబడుతూ పల్చబడుతూ హోరులో కలిసిపోయేది. వెళ్లిపోయారు, అనుకునేదాన్ని. అమ్మని వదిలేసి వెళ్లిపోయారు.

నాకది చాలా పెద్ద భయం. కొన్నాళ్లు ఆ భయంతోనే మూడో కేకకి దుప్పట్లోంచి అమ్మ గొంతు పెట్టి “ఉఁ, వస్తన్నా” అనేసేదాన్ని. ఒకసారి అలాగే అనేసి మళ్లీ పడుకున్నాను. అమ్మ అప్పుడే తలకి నీళ్లు పోసుకుంటోంది. ఆటో దగ్గర అందరూ నిలబడి నిలబడి అమ్మని తిట్టిపోశారు. సాయంత్రం ఆ తిట్లన్నీ ఒక్కటి కూడా తగ్గకుండా నాకు అందాయి. ఆ దెబ్బతో పలకడం మానేశాను. మానేసినా అమ్మ రోజూ ఆటో అందుకునేది. పరిగెత్తి అందుకుంటోంది కాబోలు అనుకున్నాను. అడగలేదు. ఇంట్లో రోజూ జరిగేదాని గురించి ఎవరు అడుగుతారు?

రాజాంలో ఇంజనీరింగ్ చదివి, తర్వాత కొన్నేళ్లు హైదరాబాదులో గాజు కిటికీల వెనక కూర్చుని, ఇప్పుడు మళ్లీ అదే ముందు గదిలో అదే కిటికీ కింద కూర్చున్నాను. చాప ఉండే చోట బల్ల, కుర్చీ వచ్చాయి. మా కంపెనీకి నేనెక్కడ కూర్చున్నానన్నది పట్టదు. నెట్ ఉంటే చాలు. నా పని క్లౌడ్‌లో సర్వర్లు నిలబెట్టడం, అవి పడిపోకుండా చూడటం. ఎక్కడో ఏ ఊళ్లోనో చల్లటి గదుల్లో ఉన్న యంత్రాలను, ఈ ఉక్కపోతలో, కిటికీలోంచి కవళ్ల చేపలు ఎండబెట్టిన వాసన వస్తుంటే, వేలితో కదపడం. పగలు రెండు గంటల వేళ కళ్లు బరువెక్కినప్పుడు, తెర మీది గీతలూ బయటి అలలూ ఒకటే అయిపోయినట్టుంటుంది. చెయ్యి చాపితే రెండింటిలో ఏది తగులుతుందో చెప్పలేను. నాకది ఇష్టమే. పనిలో కలలు కనేవాళ్లు పనికిరారంటారు గాని, నేను ఇలాగే పనికొచ్చాను.

మా అన్న సముద్రం మీదికి వెళ్తాడు. ఇంజను బిగించిన ఫైబర్ బోటు, వాడితో కలిపి ఐదుగురు. ఒకరోజు అన్నం తింటూ అడిగాడు.

“గాలి తిరిగినప్పుడు మేం మనూరికే వస్తామని నేదు కదే. ఎటు కొడితే అటు ఒడ్డుకెక్కీస్తాం. ఫోను తడిసిపోతాది, నేదంటే సిగ్నలుండదు. ఇక్కడ మీ వొదినేమో ఒడ్డు మీద నిలబడి ఏడస్తాది. ఏ బోటు ఏ ఊరి ఒడ్డు సేరిందో అందరికీ తెలిసినట్టు నువ్వేదో సెయ్యలేవా? హైదరాబాదోలికి అన్నీ సేస్తావు.”

ఆ చివరి మాట నన్ను పొడవడానికే అన్నాడు. పొడుచుకుంది కూడా. నెల తిరక్కముందే ఒక యాప్ తయారుచేశాను. గొప్పదేం కాదు. తీరం పొడుగునా ఒక్కో ఊళ్లో ఒక్కో మనిషి తన ఒడ్డుకు చేరిన బోటు నంబరు, అందులో ఎందరు క్షేమమో కొడతాడు. మిగతా ఊళ్లవాళ్లు ఫోన్లో ఆ జాబితా చూసుకుంటారు. అంతే. మొదట మా ఊరు, పక్క ఊరు. తర్వాత దక్షిణాన విజయనగరం జిల్లా ఒడ్డు దాకా, ఉత్తరాన ఒడిశా వైపు దాకా ఊరి మీద ఊరు వచ్చి చేరాయి. మామూలు రోజుల్లో దాన్ని ఎవరూ తెరవరు. గాలి లేచిన రోజు అందరూ ఒకేసారి తెరుస్తారు. అలా ఒక మధ్యాహ్నం అందరూ తెరిచేసరికి నా ఒక్కగానొక్క సర్వర్ చతికిలపడింది.

అందుకని లోడ్ బ్యాలెన్సర్ పెట్టాను. ఫోన్ల నుంచి వచ్చేవన్నీ ఒకే సర్వర్ నెత్తిన పడకుండా, మధ్యలో నిలబడి పంచేది అది. దాంట్లోనూ రకాలున్నాయి. వచ్చినదాన్ని విప్పి చదివి, దీన్నెవరికివ్వాలా అని ఆలోచించి పంపేది ఒకటి. లోపల ఏముందో చూడకుండా, గుమ్మం దగ్గర నిలబడి నువ్విటు, నువ్వటు అని చకచకా తోలేది ఇంకొకటి. నేను రెండోది తీసుకున్నాను. జనం ఒక్కసారిగా మీద పడే చోట అదే నిలుస్తుంది. దాని వెనక మూడు సర్వర్లు వరసగా పెట్టాను. ఏ కనెక్షన్ ఏ తలుపు గుండా లోపలికి రావాలో చెప్పాను.

ఆఖరున ఒక ప్రశ్న వచ్చింది. వెనకున్న సర్వర్లు బతికే ఉన్నాయో లేదో బ్యాలెన్సర్ కొన్ని సెకన్లకోసారి అడుగుతూ ఉంటుంది. జవాబు రాకపోతే ఎన్నిసార్లు అడిగాక దాన్ని వదిలేయాలి? నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మూడు, అని కొట్టాను. ఏం అడగాలి అంటే, బోట్ల జాబితా చూపించమని అడుగు, చూపిస్తే బతికున్నట్టే, అని రాశాను. ఆ మూడు ఎక్కడిదో నాకు తెలుసు. తెలిసే కొట్టాను, కొంచెం ముచ్చటపడి కూడా. మా వీధి ఆచారం ఇంత దూరం వచ్చింది కదా అని.

కాసేపటికి తెర మీద మూడు పచ్చ చుక్కలు వెలిగాయి. ఉఁ, ఉఁ, ఉఁ అన్నట్టు. అన్నని పిలిచి చూపించాను.

“ఈ సుక్కలేటి?”

“సర్వర్లు. పలుకుతన్నాయి.”

“ఎవులితో?”

“ఒకలితో ఒకలు కాదురా. పిలిసినోలికి.”

వాడు ఆ చుక్కల్ని చాలాసేపు చూశాడు. రాత్రి సముద్రం మీద ఇంకో బోటు లాంతరు కనబడితే కూడా ఇలాగే ధైర్యంగా ఉంటుందన్నాడు. వాడి నోటి నుంచి మెచ్చుకోలు లాంటిది అంతకు ముందు ఎప్పుడూ రాలేదు.

కొన్నాళ్లకు మళ్లీ గాలి లేచిన రోజు సంగతి చెప్పాలి. పొద్దున వాడు ఎప్పటిలాగే వెళ్లాడు. సాయంత్రానికి గాలి ఉండొచ్చన్న మాట రేడియోలో వచ్చింది. మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చేస్తామన్నాడు. గాలి ఆ మాట వినలేదు. పదకొండు దాటేసరికే ఆకాశం తూర్పు వైపు సీసం రంగుకు తిరిగింది. ఎండబెట్టిన చేపలు ఎగిరిపోకుండా ఆడవాళ్లు వలలు కప్పుతున్నారు. కిటికీ రెక్క కొట్టుకుంటోంది. నాకెందుకో అంతా దూరంగా, నీళ్ల అడుగు నుంచి చూస్తున్నట్టు కనిపించింది. గాలికి ముందు మా ఒడ్డు అలాగే ఉంటుంది. చప్పుళ్లన్నీ ఆగి, ఒక్క హోరే పెద్దదవుతుంది.

వదిన ఫోను పట్టుకుని గదిలోకి వచ్చింది.

“పాపా, ఇది తెరుసుకోట్నేదు. తిరుగుతానే ఉన్నాది.”

తెర తిప్పి చూశాను. మూడు చుక్కల్లో ఒకటి ఎర్రబడింది. నేను చూస్తుండగానే రెండోది ఎర్రబడింది. ఒక్కటే పచ్చగా మిగిలింది. తీరం మొత్తం దాని మీద పడింది. అదీ ఎర్రబడింది. ఇంతలో జనం లేక తీరిక దొరికి మొదటిది మళ్లీ పచ్చబడింది. పచ్చబడగానే అందరూ దాని మీదికి. మళ్లీ ఎరుపు. అలా ఒకటి మునుగుతోంది, ఒకటి తేలుతోంది. తేలినదాన్ని తేలినట్టే ముంచేస్తోంది ఆ జనం భయం. నేను కుర్చీలో బిగుసుకుపోయి చూస్తున్నాను. కలలో పరిగెత్తబోతే కాళ్లు కదలవు చూడండి, అలా.

నాకు భయం వస్తే కోపంగా వస్తుంది. బల్ల మీద చేత్తో కొట్టాను. వదినని బయటికి పొమ్మన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఒక సర్వర్‌ని ఆపి మళ్లీ మొదలెట్టాను. అది ఇంకా చెడ్డ పని. ఆగిన ఆ కాసేపూ మిగతా రెండింటి మీద బరువు పెరిగింది. వదిన బయటికి పోలేదు. గుమ్మం పట్టుకుని నిలబడి, “ఆల బోటుది ఏటయినా సూపిస్తందా?” అని అడుగుతోంది. అడిగిందే అడుగుతోంది. అన్న సముద్రం మీద ఉన్నాడో, ఒడ్డున ఉన్నాడో, అసలు ఉన్నాడో లేడో, నేను కట్టినదే నాకు చెప్పడం లేదు.

అమ్మ ఆ రోజు బజారు నుంచి తొందరగా వచ్చేసింది. చేపల బేసిన్లు తోముతున్న చేతులతోనే లోపలికి వచ్చింది.

“ఏటయినాది?”

“సర్వర్లు పలకట్నేదమ్మా.”

“పిలిసినావా?”

“మూడుసార్లు పిలిసి పలక్కపోతే వదిలీమని పెట్టినాను. అది వదిలీస్తంది.” అమ్మ వైపు తిరిగాను. “మీరు వదిలీసినట్టే పెట్టినాను.”

అమ్మ నా వైపు వింతగా చూసింది. “మేం ఎవుల్ని వదిలీసినామే?”

“సిన్నప్పుడు నాను పడుకుని ఇనీదాన్ని కదా. మూడు కేకలేసి ఎలిపోయీవోలు.”

“ఎలిపోడమేటి!” అమ్మకు కోపం వచ్చింది. “ఈదిలో సముద్రం హోరు. పెరట్లో పొయ్యి కాడున్నదానికి ఈది కేక ఏటి ఇనపడతాది? మూడు కేకలకీ పలక్కపోతే ఇల్లు సుట్టి పెరటికొచ్చి తడికె తట్టీవోలు. పలకనేదంటే మనిషి నేదనా? సేతిలో పనున్నాదని.”

ఆ మాటలు నా చెవికి చేరడానికి కొంచెం సేపు పట్టింది. ఇసకలో గరగర, పల్చబడటం, హోరులో కలిసిపోవడం. ఇన్నేళ్లూ నేను ఆ అడుగుల్ని ఆటో దాకా నడిపించాను. అవి మా గోడ మలుపు తిరిగాయి. అంతే. గోడ అవతలికి వెళ్లిన అడుగులు నాకు వినపడలేదు.

సర్వర్లు చచ్చిపోలేదు. చేతి నిండా పనిలో ఉన్నాయి. ముందు తలుపు దగ్గర తీరమంతా నిలబడి అరుస్తోంది, ఆ అరుపుల్లోనే నా బ్యాలెన్సర్ కూడా నిలబడి జాబితా చూపించు, జాబితా చూపించు అని అడుగుతోంది. జవాబు ఆలస్యమైతే పోయినట్టు రాసేసుకుంటోంది. నేనే అలా రాయమన్నాను.

ఒక్కో సర్వర్‌కి ఇంకో చిన్న తలుపు తెరిచాను. జనం రాని తలుపు, జాబితాతో సంబంధం లేని తలుపు. దాని వెనక రెండు ముక్కల ప్రోగ్రాం, ‘ఉన్నాను’ అని మాత్రం చెప్పేది. బ్యాలెన్సర్‌తో, ఇకనుంచి ముందు గుమ్మంలో అడగొద్దు, ఈ తలుపు తట్టు అని చెప్పాను. పలకకపోతే వదిలేసే ముందు ఇంకాస్త ఆగమన్నాను. తర్వాత పక్కన మరో రెండు సర్వర్లు నిలబెట్టాను. చెప్పడానికి ఇంతే. చేస్తున్నప్పుడు మాత్రం ఒక అంకె తప్పు కొట్టి, చెరిపి, మళ్లీ కొట్టాను. అమ్మ నా వెనకే నిలబడింది. ఆమె చేతుల నుంచి నీళ్లూ చేపల పొలుసులూ నా కుర్చీ మీద పడుతున్నాయి.

చిన్న తలుపు తట్టిన చప్పుడు నాకు వినపడిందంటే మీరు నమ్మరు. నాకు మాత్రం వినపడింది. ఒక చుక్క పచ్చబడింది. అది అలాగే ఉంది. రెండోది పచ్చబడింది. తర్వాత మూడోది. కొత్తవి రెండూ వచ్చి వాటి పక్కన చేరాయి. ఐదు చుక్కలు నిలకడగా, తొందర లేకుండా, పలుకుతూ ఉన్నాయి.

“వచ్చీసింది!” అంది వదిన, తన ఫోను చూస్తూ. జాబితా మెల్లగా దిగుతోంది. ఊళ్ల పేర్లు, వాటి కింద బోట్ల నంబర్లు. ఆమె వేలు వాటి మీద జారుతోంది. ఒక ఊరు అయిపోయింది. ఇంకో ఊరు. అమ్మ చదవలేదు, వదిన ముఖాన్నే చూస్తోంది. నేను బల్ల అంచు పట్టుకున్నాను. నాలుగో ఊరి దగ్గర వదిన వేలు ఆగిపోయింది. ఆగి, అక్కడే నేల మీద కూర్చుండిపోయి ఏడ్చింది. అమ్మ ఆమె పక్కన కూర్చుని, తడి చెయ్యి తల మీద పెట్టింది.

నేను ఆ ఫోను తీసుకుని చూశాను. మా అన్న బోటు. ఉత్తరాన మూడు ఊళ్ల అవతల ఒడ్డు చేరింది. ఐదుగురూ క్షేమం. పక్కన, ఆ సంగతి నమోదైన వేళ. నా మొదటి చుక్క ఎర్రబడటానికి ఐదు నిమిషాల ముందు.

అంటే ఆ గంటసేపూ జవాబు లోపలే ఉంది. వదిన గుమ్మం పట్టుకుని అడిగిన ప్రతిసారీ లోపలే ఉంది. పలకలేకపోయింది, అంతే. నేను దాన్ని లేదనుకున్నాను.

అన్న చీకటి పడే వేళకి ఎవరిదో బండి వెనక కూర్చుని ఇంటికొచ్చాడు. ఒళ్లంతా ఉప్పు చారికలు. వదిన వాడిని ముందు తిట్టి తర్వాత అన్నం పెట్టింది. జరిగిందంతా వాడికి చెప్పి, “తప్పు నాదేరా. సుక్కలన్నీ ఎర్రగయిపోనాయి” అన్నాను. వాడు చేప ముల్లు తీస్తూ, “మరి వదిలీకుండా కూకున్నావు కదా” అన్నాడు. వాడు ఇంకేమైనా అంటాడేమోనని చాలాసేపు అక్కడే తచ్చాడాను. నాకు ఏడవాలని ఉంది. వాడు రెండోసారి పులుసు వడ్డించుకున్నాడు.

ఆ రాత్రి నా గదిలోకి పోకుండా, బల్ల పక్కకు జరిపి, కిటికీ కింద చాప వేసుకుని పడుకున్నాను. గాలి తగ్గింది. నిద్ర ఎప్పుడు పట్టిందో తెలీదు.

తెల్లవారుజామున కేక వినపడింది. “ఓలప్పా, లెగిసినావా?” నేను కళ్లు తెరవలేదు. అమ్మ పలకలేదు. రెండో కేక. పెరట్లో పొయ్యి మీద గిన్నె కదిలిన చప్పుడు వచ్చింది గాని జవాబు రాలేదు. మూడో కేక. తర్వాత అడుగులు. అదే గరగర, అలాగే పల్చబడుతోంది. చిన్నప్పుడు గుండెలో ఎక్కడ పట్టేసేదో సరిగ్గా అక్కడే పట్టేసింది. ఈసారి నేను ఆ అడుగుల్ని వదల్లేదు. చెవితో వాటి వెనకే వెళ్లాను. అవి గోడ మలుపు తిరిగాయి. నా తల వెనక గోడ పక్కనుంచి, తొట్టి పక్కనుంచి, పెరటి వైపు వచ్చాయి. తడికె మీద వేళ్లతో రెండు దెబ్బలు.

“ఉన్నావేటే?”

“ఉన్నానే. ఉండు, వస్తన్నా.”

అమ్మ బేసిన్ నడుముకు ఆనించుకుని ముందు గదిలోంచే బయటికి వెళ్లింది. నా చాప దగ్గర ఒక్క క్షణం ఆగింది. నేను నిద్ర నటిస్తున్నానని ఆమెకు తెలుసు, ఎప్పుడూ తెలుసు.

“మొదటి కేకే ఇనపడ్డాది” అంది. “తడికె తట్టీది నువ్వినాలని పలకనేదు.”